కిడ్నీ మార్పిడి అయిన మనిషికి జ్వరం, ఆయాసం: టీబీ మందులు వేసి చూస్తే సరిపోదా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 54 ఏళ్ళు, ఎప్పటి నుంచో షుగర్. కిడ్నీ మార్పిడి జరిగి 14 నెలలైంది. మూడు నెలల క్రితం కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొడుతోందని పెద్ద డోసు స్టెరాయిడ్ ఎక్కించారు. ఇప్పుడు రెండు వారాలుగా సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతోంది, పొడి దగ్గు, పెరట్లోకి వెళ్ళొచ్చినా ఆయాసం. ఊళ్ళో ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడారు, తగ్గలేదు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదన్నారు, కళ్ళె పరీక్షలో టీబీ లేదన్నారు. ఇప్పుడు ఛాతీ డాక్టర్ గారు సీటీ తీసి, ఆ తర్వాత బ్రాంకోస్కోపీ, అంటే ఊపిరితిత్తుల్లోకి కెమెరా గొట్టం పంపే పరీక్ష, చేద్దామంటున్నారు. ‘చుట్టుపక్కల ఎంతమందికో టీబీ మందులు వేసి చూస్తున్నారు, నాన్నకీ అలాగే వేసి చూస్తే పోదా? ఇంత నీరసంలో కెమెరా గొట్టం దింపితే తట్టుకుంటారా?’ అన్నది మీ ప్రశ్న.

నేను గోదావరి జిల్లాల్లోనే చాలాకాలంగా ఊపిరితిత్తుల జబ్బులు చూస్తున్నానండి. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి ఆయనకు ఫలానా జబ్బని ఇక్కడి నుంచి చెప్పను. కానీ మీ డాక్టర్ గారు చెప్పిన దారి సరైనదే. ఆ పరీక్షలు వచ్చే వారానికి వాయిదా వేయకుండా ఈ రెండు మూడు రోజుల్లోనే జరగాలి.

ముందు టీబీ మందుల సంగతి. టీబీ వైద్యానికి వెన్నెముక లాంటి మందు రిఫాంపిసిన్. అది లివర్‌ను ఎంత హుషారు చేస్తుందంటే, కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా మీ నాన్నగారు వేసుకునే టాక్రోలిమస్‌ను శరీరం కొద్ది రోజుల్లోనే ఎక్కువగా కరిగించేసి బయటికి పంపేయడం మొదలవుతుంది. రక్తంలో టాక్రోలిమస్ పడిపోతే మళ్ళీ రిజెక్షన్, అంటే ఒళ్ళు కిడ్నీని తిప్పికొట్టడం. ఆయనకు మూడు నెలల క్రితమే ఒకసారి అయింది. టాక్రోలిమస్ డోసు రెండు మూడు రెట్లు పెంచినా లెవెల్ నిలబెట్టడం కష్టమవుతుంది. టీబీ అని తేలితే ఆ తిప్పలు పడక తప్పదు. రిఫాంపిసిన్ బదులు రిఫాబుటిన్ వాడటం, వారం వారం లెవెల్ చూడటం లాంటివి చేసి గట్టెక్కుతాం. కాని తేలకుండా, అనుమానం మీద కిడ్నీని పణంగా పెట్టకూడదు.

ఈ చిక్కు ఒక్క టీబీ మందుతోనే కాదు. ఫంగస్ ఏమో అని వోరికొనజోల్ మొదలుపెడితే టాక్రోలిమస్ ఇటువైపు కాకుండా అటువైపు, అంటే పైకి ఎగబాకుతుంది. డోసును మూడో వంతుకు తగ్గించాల్సి వస్తుంది. యాంఫోటెరిసిన్ ఇస్తే అది నేరుగా కిడ్నీ మీదే దెబ్బ కొట్టగలదు. చివరికి దగ్గుకు మామూలుగా రాసే క్లారిత్రోమైసిన్ కూడా టాక్రోలిమస్‌ను పెంచేస్తుంది. చేను ఎర్రబడిందని సుడిదోమో, అగ్గి తెగులో, జింకు లోపమో చూడకుండా మూడు మందులూ కలిపి కొట్టే రైతు ఎంత నష్టపోతాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళకు నిమ్ము చేస్తే మేమూ క్రిమి పేరు కోసం అంతగా వెతకం. నాలుగైదు రకాల బాక్టీరియాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది, వాటన్నిటికీ పనిచేసే యాంటీబయాటిక్ ఇస్తే మూడో రోజుకు జ్వరం దిగుతుంది. ఇమ్యూనిటీ తగ్గినవాళ్ళలో ఆ లెక్క చెల్లదు. జాబితా చాంతాడంత ఉంటుంది, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు, ఒక్కోసారి రెండు జబ్బులు కలిసే ఉంటాయి. అందుకే ఊపిరితిత్తి నుంచి నమూనా తీసి పేరు తేల్చుకోవడానికి అంత పట్టుబడతాం.

మరి ఎక్స్‌రే ఎందుకు బాగుంది? మందులతో ఇమ్యూనిటీ తగ్గినవాళ్ళలో ఇది మామూలే. ఎక్స్‌రేలో మనకు కనిపించే తెల్లటి మచ్చలో క్రిముల పాలు తక్కువ, వాటి మీదికి శరీరం పంపిన కణాలు, చీము, నీరు ఎక్కువ. ఆ స్పందనే మందగించినప్పుడు మచ్చ ఆలస్యంగా వస్తుంది లేదా పలచగా వస్తుంది. జ్వరమూ అంతే. స్టెరాయిడ్ వాడుతున్న మనిషికి థర్మామీటర్ 99 చూపిస్తున్నా లోపల జబ్బు ముదిరి ఉండవచ్చు. ‘జ్వరం పెద్దగా లేదు కదా’ అని ఊరుకున్న కుటుంబాలే నా దగ్గరికి ఆలస్యంగా వస్తుంటాయి.

ఎక్స్‌రే కన్నా మీ ఇంట్లో మీరే చేయగల ఒక పరీక్ష ఎక్కువ చెప్తుంది. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సిమీటర్ ఏ అలమరలోనో ఉండే ఉంటుంది, బ్యాటరీ మార్చండి. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ ఎంత ఉందో చూసి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఒక నిమిషం పాటు చేయించి మళ్ళీ చూడండి. పక్కన మనిషి ఉండాలి. కూర్చున్నప్పుడే 94 కన్నా తక్కువుంటే ఈ ప్రయత్నం వద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. 97 ఉన్నది శ్రమ తర్వాత 92కి పడిపోతే, ఎక్స్‌రే ఎంత శుభ్రంగా ఉన్నా, ఊపిరితిత్తుల్లో ఏదో వ్యాపిస్తోందని అర్థం. నాలుగు పాయింట్లు తగ్గినా నేను పట్టించుకుంటాను.

ఇలాంటి మనిషి ఎదురుగా కూర్చోగానే మాలో చాలామందికి ముందుగా తట్టేది న్యుమోసిస్టిస్ అనే ఫంగస్. పొడి దగ్గు, నడిస్తే ఆయాసం, ఎక్స్‌రేలో ఏమీ లేకపోవడం దాని తీరు. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకుల్లో ఈ న్యుమోనియా కనపడటమే ఎయిడ్స్ అనే జబ్బు ఒకటుందని ప్రపంచానికి అందిన మొదటి కబురు. అది రాకుండా కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకు మొదటి ఆరు నెలలో ఏడాదో కోట్రైమాక్సజోల్ మాత్ర ఇస్తారు; సెప్ట్రాన్ అనో బాక్ట్రిమ్ అనో మీకు తెలిసి ఉంటుంది. మీ నాన్నగారికి ఆ మాత్ర ఎప్పుడు ఆపారో వెతకండి. రిజెక్షన్‌కు పెద్ద డోసు స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు ఇమ్యూనిటీ గడియారం మళ్ళీ సున్నాకు వెళ్తుంది. అప్పుడు ఆ మాత్ర తిరిగి మొదలుపెట్టారా లేదా అన్నది మీ డాక్టర్ గారికి చాలా విలువైన సమాచారం. అదే సమయంలో సీఎంవీ అనే వైరస్‌కు వాడే వాల్‌గాన్‌సైక్లోవిర్ సంగతి కూడా చూడండి.

‘ఇమ్యూనిటీ తక్కువ’ అని అందరినీ ఒకే గాటన కట్టకూడదు. ఏ రకం తగ్గిందన్నదే మాకు మొదటి ఆధారం. కీమో తీసుకుంటూ తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 500 కన్నా తగ్గినవారిలో బాక్టీరియా, ఆస్పర్‌జిలస్ ఫంగస్ ముందుంటాయి. వాళ్ళకు గంటల్లో మందు పడాలి. మార్పిడి మందులు, స్టెరాయిడ్లు, హెచ్‌ఐవీ దెబ్బతీసేది రక్షణ కణాల్లో టీ కణాలు అనేవాటిని; అక్కడ టీబీ, న్యుమోసిస్టిస్, సీఎంవీ, క్రిప్టోకాకస్ అనే ఫంగస్, నోకార్డియా అనే బాక్టీరియా ముందుంటాయి. మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ ఉన్నవాళ్ళు, ప్లీహం తీసేసినవాళ్ళలో తగ్గేది యాంటీబాడీల బలం, వాళ్ళను న్యుమోకాకస్ అనే బాక్టీరియా ఒక్క రాత్రిలో కూలదోయగలదు. కీళ్ళవాతానికి అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు వాడేవారిలో పాత టీబీ నిద్ర లేస్తుంది.

హెచ్‌ఐవీ ఉన్నవారి గురించి ఒక్క ముక్క. సీడీ4 అనే టీ కణాల లెక్క బాగా పడిపోయి కళ్ళె రానివారికి మూత్రంతోనే టీబీని పసిగట్టే లామ్ అనే చిన్న పట్టీ పరీక్ష ఉంది, అరగంటలోపే ఫలితం వస్తుంది. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో అడగండి. ఇది కిడ్నీ మార్పిడివాళ్ళకు ఉద్దేశించినది కాదు.

అసలు తమకు ఇమ్యూనిటీ తగ్గిందని తెలియని వాళ్ళ సంగతి వేరు. కీళ్ళ నొప్పులకు, ఉబ్బసానికి ఎవరో ఇచ్చిన పొడి నెలల తరబడి వాడతారు. నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రంగా నిండుతుంది, ‘ఒళ్ళు చేశాడు’ అని ఊళ్ళో మెచ్చుకుంటారు. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. ప్రెడ్నిసొలోన్ రోజుకు 20 మిల్లీగ్రాములు నెలకు పైగా వాడితేనే న్యుమోసిస్టిస్ గురించి ఆలోచిస్తాం. ఆ పొట్లంలో ఎంతుందో ఎవరికి తెలుసు? ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మందుల చీటీలతో పాటు ఆ పొట్లం కూడా పట్టుకెళ్ళండి. సిగ్గుపడాల్సింది లేదు. మీరు చెప్పకపోతే మేం వేరే దారిలో వెతుక్కుంటూ పోతాం.

మన నేల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నగరంలో పెద్ద ఆసుపత్రికి వెళ్ళినప్పుడు దీన్ని ఎవరూ అడగకపోవచ్చు. మీ నాన్నగారు సార్వా నాట్లప్పుడు చేలోకి దిగారా? చేపల చెరువు గట్టు మీద చెప్పుల్లేకుండా తిరిగారా? కాలిమీద పుండేదైనా ఉందా? తడి నేలలో, వరి మళ్ళలో ఉండే బర్ఖోల్డేరియా అనే బాక్టీరియా వల్ల మెలియాయిడోసిస్ అనే జబ్బు వస్తుంది. షుగర్ దానికి అతి పెద్ద చుట్టం. వానల కాలంలో, ఆ తర్వాత ఎక్కువగా చూస్తాం. దీన్ని మొదట గుర్తించింది మన పెద్దవాళ్ళు రంగం అని పిలిచిన రంగూన్‌లోనే: 1911లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, ఆయనతో పనిచేసిన కృష్ణస్వామి. ఇక్కడి నుంచి కూలికి ఓడలెక్కి వెళ్ళిన ఊరది.

ఈ జబ్బు టీబీ వేషం వేస్తుంది. పై భాగంలో మచ్చ, గుంట, బరువు తగ్గడం, నెలల జ్వరం, అన్నీ అలాగే. కళ్ళెలో టీబీ క్రిమి ఉండదు, అయినా ‘టీబీయే అయ్యుంటుంది’ అని మందులు మొదలుపెడతారు, మనిషి క్షీణిస్తూ పోతాడు. కల్చర్‌లో పెరిగినా కొన్ని ల్యాబులు ‘సూడోమోనాస్ జాతి’ అనో, బయటి నుంచి కలిసిన క్రిమి అనో రాసేస్తాయి. జెంటమైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగకుండా, కో అమాక్సిక్లావ్‌కు లొంగే గ్రామ్ నెగటివ్ క్రిమి అని రిపోర్టులో కనపడితే, షుగర్ ఉన్న రైతులో నేను వెంటనే మైక్రోబయాలజిస్ట్‌కు ఫోన్ చేస్తాను. కడుపు స్కాన్‌లో ప్లీహంలోనో లివర్‌లోనో చిన్న చిన్న చీముగడ్డలుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. దీనికి సెఫ్టాజిడైమ్ గాని మెరోపెనెమ్ గాని కనీసం 10 నుంచి 14 రోజులు నరం ద్వారా పడాలి, తర్వాత మూడు నెలలు మాత్రలు. ఊళ్ళో మామూలుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్‌ను నమ్ముకోలేం.

ఇదే నేలలో నోకార్డియా కూడా ఉంటుంది. మైక్రోస్కోప్ కింద కొద్దిగా టీబీ క్రిమిలా రంగు పట్టి మోసం చేస్తుంది, కాని టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలో టీబీ లేదని వస్తుంది. ఆ రెండు రిపోర్టులూ పొంతన లేకుండా వస్తే దాన్ని తలుచుకోవాలి. అది మెదడుకు పాకే అలవాటున్నది, కాబట్టి దొరికితే తల ఎంఆర్‌ఐ కూడా తీస్తాం. ఇక స్ట్రాంగిలాయిడ్స్ అనే నులిపురుగు ఉంది. చెప్పుల్లేని పాదాల గుండా ఒంట్లోకి దూరి ఏ లక్షణమూ లేకుండా దశాబ్దాలు బతుకుతుంది; స్టెరాయిడ్ పడగానే విజృంభించి ఊపిరితిత్తుల దాకా వస్తుంది. అప్పుడు రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరగాల్సింది, స్టెరాయిడ్ వల్ల పెరగవు కూడా. మల పరీక్ష, కళ్ళెలో పురుగు పిల్లల కోసం చూడటం తేలికైన పనులు, ఎవరైనా అడిగితే జరుగుతాయి.

కళ్ళెలో టీబీ లేదన్నారని రాశారు. ఏ పరీక్ష చేశారో రిపోర్టు తీసి చూడండి. మైక్రోస్కోప్ మాత్రమే అయితే ఒక మిల్లీలీటరు కళ్ళెలో 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటేగాని కనపడవు. సీబీనాట్ సుమారు 130 ఉన్నా పట్టుకోగలదు. గోవాలో తయారయ్యే మన ట్రూనాట్ కూడా అదే బాపతు పరీక్ష. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఇవి ఉచితం. అయితే ఇమ్యూనిటీ తగ్గినవారిలో ఊపిరితిత్తుల్లో గుంటలు పెద్దగా పడవు, అందుకని కళ్ళెలోకి క్రిములు తక్కువగా వస్తాయి. పైగా పొడి దగ్గున్న మనిషి ఇచ్చింది చాలాసార్లు ఉమ్మే. ఉప్పునీటి ఆవిరి పట్టించి లోపలి కళ్ళె తెప్పించవచ్చు. ఒళ్ళు టీబీకి స్పందిస్తోందా అని చూసే మాంటూ, ఇగ్రా లాంటి పరీక్షల్లో నెగటివ్ వచ్చినా ఈయనలో దానికి విలువ ఇవ్వను. స్పందించాల్సిన కణాలనే మందులతో పడుకోబెట్టాం కదా.

ఊళ్ళో వాడిన ఐదు రోజుల యాంటీబయాటిక్ పేరేమిటి? లెవోఫ్లాక్సాసిన్ అయితే తప్పక చెప్పండి. అది టీబీ మీద కూడా సగం పనిచేస్తుంది. జ్వరం కాస్త తగ్గినట్టు చేసి, పరీక్షల్లో క్రిమి దొరకకుండా చేసి, అసలు జబ్బును వారాల పాటు దాచిపెడుతుంది. కారణం తేలని దగ్గుకు ఈ మందు అలవోకగా రాయడం మన జిల్లాల్లో ఒక జాడ్యం అయిపోయింది.

సీటీ విషయం త్వరగా చెప్పేస్తాను. మీకు కావలసింది రంగు మందు ఎక్కించని హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తులను సన్నటి పొరలుగా చూపించే సీటీ. రంగు మందు కిడ్నీకి భారం. ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ ఉందన్న అనుమానం ఉంటే తప్ప అక్కర్లేదు. స్కానింగ్ సెంటర్‌లో కూడా ‘కిడ్నీ మార్పిడి అయింది’ అని మీరే ముందుగా చెప్పండి. సీటీ క్రిమి పేరు చెప్పదు, ఎక్కడ వెతకాలో చెప్తుంది. రెండు వైపులా పొగమంచు కమ్మినట్టుంటే న్యుమోసిస్టిస్, సీఎంవీ, లేదా నీరు చేరడం. కొమ్మకు మొగ్గలు తొడిగినట్టు చిన్న చుక్కలుంటే టీబీ లాంటివి. గుండ్రటి గడ్డ చుట్టూ పలచటి వలయం ఉంటే ఆస్పర్‌జిలస్. అదే తిరగేసి, మధ్యలో పలచగా అంచున దట్టంగా ఉంటే, షుగర్ అదుపులో లేని మనిషిలో మ్యూకర్, అంటే 2021లో అందరూ బ్లాక్ ఫంగస్ అన్నదే. రేడియాలజిస్ట్ రాసిన చివరి రెండు లైన్లు చదివి జబ్బు తేలిపోయిందనుకోవద్దు.

రక్త పరీక్షల్లో బీటా డీ గ్లూకాన్ అనేది న్యుమోసిస్టిస్‌లో బాగా పెరుగుతుంది, మ్యూకర్‌లో పెరగదు. గెలాక్టోమానన్ ఆస్పర్‌జిలస్ కోసం. కీమో మనిషిలో రక్తంలో బాగానే దొరుకుతుంది, మీ నాన్నగారి లాంటివారిలో ఊపిరితిత్తి కడిగిన నీటిలో చూస్తేనే నమ్మకం. సీఎంవీ వైరల్ లోడ్, క్రిప్టోకాకస్ యాంటిజెన్, బ్లడ్ కల్చర్, టాక్రోలిమస్ లెవెల్ కూడా పంపాలి. వీటిలో కొన్ని మన దగ్గర చేయరు, శాంపిల్ హైదరాబాద్ వెళ్ళి రావాలి. అందుకే మొదటి రోజే పంపేయమంటాను.

ఇక మీకు టెన్షన్ పెట్టిన కెమెరా పరీక్ష. గొంతుకు మొద్దుబారే మందు కొట్టి, కొద్దిగా మత్తు ఇచ్చి, ముక్కు గుండా గాని నోటి గుండా గాని సన్నటి గొట్టం పంపుతారు. సీటీలో మచ్చ ఎక్కువున్న భాగానికి వెళ్ళి 100 నుంచి 200 మిల్లీలీటర్ల సెలైన్ కొద్దికొద్దిగా వదిలి, వెనక్కి పీల్చుతారు. అంతా తిరిగి రాదు, మిగిలింది ఒళ్ళే పీల్చుకుంటుంది. పని పావుగంటలోనో అరగంటలోనో అయిపోతుంది. ఆ సాయంత్రం కాస్త జ్వరం రావచ్చు, ఆక్సిజన్ కొన్ని గంటలు తగ్గవచ్చు. అందుకని ఆసుపత్రిలోనే ఉంచమనండి. నీరు కడిగి తీయడం ఒకటి, ముక్క తీయడం వేరొకటి. ముక్క తీస్తే రక్తస్రావం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం లాంటి ప్రమాదాలుంటాయి. ప్లేట్‌లెట్లు 50 వేలకు తగ్గకుండా ఉండాలి, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే ముందుగా ఆపాలి. ఆపడం గుండె డాక్టర్‌ను అడిగాకే. ఉత్తి కడగడానికి ఇన్ని షరతులుండవు. మొదట కడగడంతోనే సరిపెట్టుకుని, తేలకపోతే ముక్క గురించి ఆలోచించవచ్చు.

తట్టుకుంటారా అంటే, ఇవాళ తట్టుకుంటారు. ఆక్సిజన్ లేకుండా 94 ఉన్న మనిషికి ఇది చాలావరకు సురక్షితం. వారం ఆగి, మాస్క్ పెట్టి పది లీటర్ల ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు చేయాలంటే అప్పుడు నిజంగానే భయపడాలి, వెంటిలేటర్ సిద్ధంగా ఉంచుకుని చేయాల్సి వస్తుంది. చాలా కుటుంబాలు ‘ముందు మందులు చూద్దాం, తగ్గకపోతే అప్పుడు కెమెరా’ అంటాయి. ఇమ్యూనిటీ తగ్గినవారి విషయంలో ఆ వరుస తలకిందులు. ఎంత తొందరగా చేస్తే అంత ఎక్కువగా ఫలితం దొరుకుతుంది.

న్యుమోసిస్టిస్ విషయంలో ఈ పరీక్షకు ఇంకో కారణం ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఆ ఫంగస్ గుట్టలుగా ఉంటుంది, తెప్పించిన కళ్ళెలోనే దొరుకుతుంది. మార్పిడి అయినవారిలో ఫంగస్ కొద్దిగా ఉంటుంది, వాపు ఎక్కువ ఉంటుంది. అందుకే మనిషి తొందరగా దిగజారతాడు, కళ్ళె మాత్రం నెగటివ్. కడిగిన నీటిలో పీసీఆర్ చేస్తేనే పట్టుబడుతుంది. కల్చర్‌లో అది పెరగదు, ఎంతకాలం ఉంచినా.

అంటే రిపోర్టులు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోమని కాదు. ఆక్సిజన్ పడిపోతుంటే నమూనాలు తీసిన గంటలోనే, ఒక్కోసారి తీయకముందే, బాక్టీరియాకు మంచి యాంటీబయాటిక్, అనుమానం గట్టిగా ఉంటే కోట్రైమాక్సజోల్ కూడా మొదలుపెడతారు. కోట్రైమాక్సజోల్ పడిన తర్వాత కూడా కొన్ని రోజుల పాటు కడిగిన నీటిలో న్యుమోసిస్టిస్ ఆనవాళ్ళు దొరుకుతాయి, కాబట్టి మందు మొదలైందని పరీక్ష మానేయనక్కర్లేదు. ఆ మందు పొటాషియం పెంచుతుంది, క్రియాటినిన్ పెంచుతుంది. కిడ్నీ డాక్టర్ కంటి ముందే నడవాలి. ఇలాంటి ఆరంభ వైద్యానికీ, ఆరు నెలల టీబీ కోర్సు ‘వేసి చూడటానికీ’ చాలా తేడా ఉంది: మొదటిది రెండు మూడు రోజుల్లో రిపోర్టు చూసి మార్చేస్తాం.

జ్వరం, మచ్చలు ఉన్నంత మాత్రాన క్రిమే ఉండాలని కూడా లేదు. కిడ్నీ సరిగా పనిచేయకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి అచ్చం నిమ్ములాగే కనపడుతుంది. ఒక ఎకో (గుండె స్కాన్), బరువు లెక్క చూస్తే తేలిపోతుంది. మార్పిడి మందుల్లో సిరోలిమస్, ఎవెరోలిమస్ ఉంటే అవే ఊపిరితిత్తులను వాచేలా చేయగలవు. కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ కూడా అంతే. వారానికి ఒక్కరోజు వేసుకోవాల్సిన ఆ మాత్రను రోజూ వేసుకుని వచ్చినవాళ్ళున్నారు. లూపస్ ఉన్నవారిలో లోపలే రక్తం కారవచ్చు, కడిగే కొద్దీ నీరు ఎర్రబడుతుంటే అది బయటపడుతుంది. వీటికి యాంటీబయాటిక్ ఎంత పోసినా ప్రయోజనం ఉండదు, కొన్నిటికి స్టెరాయిడ్ పెంచాలి. క్రిమి ఉన్నప్పుడు స్టెరాయిడ్ పెంచితే ఏమవుతుందో ఊహించుకోండి. ‘క్రిమి లేదు’ అని ధైర్యంగా చెప్పడానికి కూడా ఆ కడిగిన నీరే కావాలి.

అప్పటిదాకా ఇంట్లో చేయకూడనివి కొన్ని. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉంటే మైకోఫెనోలేట్ తగ్గించే నిర్ణయం మార్పిడి చేసిన డాక్టర్లు తీసుకుంటారు. జ్వరానికి పారాసిటమాల్ చాలు, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వద్దేవద్దు, అది కిడ్నీని తినేస్తుంది. ఆయాసం తగ్గడానికని ఊళ్ళో డెక్సామెథసోన్ పొడిపించుకోవద్దు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మీరు అంబులెన్స్‌లో ఉంటారు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 94 కన్నా దిగినా, మాట్లాడుతూ మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చినా, మత్తుగా ఉన్నా, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఎక్కడ చేయించాలని కూడా అడిగారు. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, అమలాపురం చుట్టుపక్కల మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. ఎక్కడికెళ్ళినా ముందు ఫోన్ చేసి రెండే అడగండి: బ్రాంకోస్కోపీ రేపు చేయగలరా, తీసిన నీటిని ఫంగస్, న్యుమోసిస్టిస్ పీసీఆర్, టీబీ, మామూలు కల్చర్ అన్నిటికీ పంపే ఏర్పాటు ఉందా? గొట్టం వేయడం చాలామందికి వచ్చు, ఆ నీటిని సరైన సీసాల్లో సరైన ల్యాబులకు పంపడంలోనే తేడా. మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పడం మరిచిపోవద్దు. వాళ్ళు తమ దగ్గరికే రమ్మంటే, ప్రయాణానికి ఆక్సిజన్ సరిపడా ఉంటే, వెళ్ళడమే మేలు.

పట్టుకెళ్ళాల్సినవి: మార్పిడి డిశ్చార్జ్ సమ్మరీ, రిజెక్షన్‌కు ఇచ్చిన ఇంజెక్షన్ల వివరం, చివరి మూడు క్రియాటినిన్, టాక్రోలిమస్ రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న ప్రతి మందు స్ట్రిప్పు, పాత ఎక్స్‌రేలు. పాత ఎక్స్‌రే ఒక్కోసారి కొత్త సీటీ కన్నా ఎక్కువ పనికొస్తుంది, పదేళ్ళ నాటి మచ్చను కొత్త జబ్బనుకోకుండా కాపాడుతుంది. ల్యాబ్ ఫారం మీద ‘కిడ్నీ మార్పిడి, షుగర్, వ్యవసాయం’ అని రాయమనండి. అది చదివిన మైక్రోబయాలజిస్ట్ ప్లేట్లను రెండో రోజే పారేయకుండా నోకార్డియా కోసం రెండు మూడు వారాలు ఉంచుతారు, బర్ఖోల్డేరియాను చూసీచూడనట్టు వదిలేయరు.

టీబీ కల్చర్ ఫలితం రావడానికి ఆరు వారాల దాకా పడుతుంది. అప్పటికి మీరు ఇంటికొచ్చేసి ఉంటారు, వార్డులో డాక్టర్లు మారిపోయి ఉంటారు. డిశ్చార్జ్ రోజునే ల్యాబ్ శాంపిల్ నంబరు రాసుకుని, ఆరో వారం మీరే ఫోన్ చేసి అడగండి.